స్టోమా తర్వాత కూడా కింది నుంచి జిగురు: ఎందుకొస్తుంది, ఏం చేయాలి

పేగును పొట్ట మీదికి తెచ్చి పెట్టిన ద్వారాన్ని స్టోమా అంటారు. దాని గుండా మలం పొట్ట మీది సంచిలోకి పోతోంది కాబట్టి మలద్వారానికి ఇక పని లేదనుకుంటారు చాలామంది. ఆపరేషన్ అయిన కొన్ని రోజులకో వారాలకో కింద తడి తగులుతుంది. లోదుస్తుల మీద తెల్లటి జిగురు మరక కనబడుతుంది. ఉన్నట్టుండి ‘ఇప్పుడే టాయిలెట్‌కి పరిగెత్తాలి’ అన్నంత ఒత్తిడి వస్తుంది, తీరా వెళ్తే ఏమీ రాదు. కుట్లు ఊడాయేమో, లోపల చీము పట్టిందేమో అని భయం మొదలవుతుంది. సిగ్గుపడి డాక్టరుకి కూడా చెప్పకుండా నెలల తరబడి ప్యాడ్లతో నెట్టుకొచ్చేవాళ్లు తక్కువేమీ కాదు. చాలా సందర్భాల్లో ఇది జబ్బు కాదు, లోపల మిగిలిన పేగు తన పని తాను చేసుకుపోతోందనడానికి గుర్తు. అయితే ‘మామూలే’ అన్న మాట అందరికీ ఒకేలా వర్తించదు. లోపల ఏం తీశారు, ఏం ఉంచారన్న దాన్ని బట్టి అదే లక్షణానికి అర్థం మారిపోతుంది.

కాగితాల్లో ముందు చూడాల్సింది

డిశ్చార్జి సమ్మరీలో ‘కొలోస్టమీ’ (పెద్దపేగుతో పెట్టిన స్టోమా) అనో ‘ఇలియోస్టమీ’ (చిన్నపేగు చివరి భాగంతో పెట్టిన స్టోమా) అనో రాసి ఉంటుంది. అది పైన ఏం జరిగిందో చెబుతుంది, కింద ఏముందో చెప్పదు. అడిగి తెలుసుకోవాల్సింది కింది సంగతే.

ఫ్రెంచి సర్జన్ ఆంరీ హార్ట్‌మన్ 1921లో వివరించిన ఆపరేషన్‌లో జబ్బు పడిన పేగు ముక్కను తీసేసి, పై కొసను స్టోమాగా పొట్ట మీదికి తెస్తారు. కింది కొసను కుట్టేసి లోపలే వదిలేస్తారు. ఇలా ఒక పక్క మూసుకుపోయి, రెండో పక్క మలద్వారంలోకి తెరుచుకునే పురీషనాళపు (మలద్వారానికి పైనుండే పేగు చివరి భాగం) ముక్కను సర్జన్లు ‘స్టంప్’ అంటారు. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు) ముదిరి పెద్దపేగు మొత్తం తీసి ఇలియోస్టమీ పెట్టినప్పుడు కూడా తరచు పురీషనాళాన్ని ఇలాగే ఉంచేస్తారు.

రెండోది లూప్ స్టోమా. పేగును పూర్తిగా తెగ్గొట్టకుండా మెలికలా పైకి లాగి, దాని ముందు గోడను తెరుస్తారు. కింద కొత్తగా వేసిన అతుకు (పేగు కొసల్ని కలిపి కుట్టిన చోటు) మానేదాకా మలాన్ని దారి మళ్లించడానికి ఎక్కువగా దీన్నే వాడతారు. అంటే స్టోమా నుంచి మలద్వారం దాకా పేగు దారి అలాగే ఉంటుంది.

మూడోది పురీషనాళాన్నీ మలద్వారాన్నీ పూర్తిగా తీసేసి, కింద చర్మాన్ని కుట్టేయడం. 1908లో బ్రిటిష్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ ప్రచురించిన పద్ధతి దీనికి మూలం. ఇందులో జిగురు తయారుచేసే పేగే మిగలదు. గాయం మానిన తర్వాత కింది నుంచి ఏం కారినా అది జిగురు అని సరిపెట్టుకోకూడదు, చూపించుకోవాలి. కానీ ‘విరేచనం వస్తున్నట్టుంది’ అన్న భావన మాత్రం ఈ మూడో రకంలో కూడా వస్తుంది. దాని సంగతి తర్వాత.

కొందరికి పేగు రెండు కొసల్నీ పొట్ట మీదికే తెస్తారు. రెండో కొస నుంచి జిగురు మాత్రమే వస్తుంది. దాని మీద చిన్న సంచి గానీ గాజుగుడ్డ గానీ పెడితే సరిపోతుంది. అక్కడి నుంచి మలద్వారం దాకా ఉన్న పేగులో ఊరినది మాత్రం కింది నుంచీ రావచ్చు.

జిగురు చెప్పే సంగతులు

పెద్దపేగు లోపలి పొరలో గోబ్లెట్ కణాలనేవి ఉంటాయి. మలం రాసుకోకుండా జారిపోవడానికీ, పేగు గోడకు సూక్ష్మజీవులు అంటకుండా ఉండడానికీ అవి ఎప్పుడూ జిగురు ఊరుస్తూనే ఉంటాయి. మలం రావడం ఆగిపోయిన సంగతి వాటికి పట్టదు. ఇంతకు ముందు మలంతో కలిసి పోయేది కాబట్టి ఆ జిగురు కంటపడలేదు, ఇప్పుడు ఒంటరిగా వస్తోంది కాబట్టి కనబడుతోంది. పేగు మిగిలినన్నాళ్లూ ఇది ఉంటుంది. తినే తిండి ఆ భాగంలోకి వెళ్లదు కాబట్టి ఫలానా కూర మానేసినంత మాత్రాన తగ్గేది కాదు.

ఎంత వస్తుందన్నది మనిషి మనిషికీ మారుతుంది. కొందరికి రోజుకు నాలుగైదు సార్లు, కొందరికి వారానికోసారి, మరికొందరికి నెలల తరబడి ఏమీ లేకుండా ఒకేసారి ముద్దలా. మిగిలిన పేగు పొడవు ఎక్కువైతే జిగురూ ఎక్కువ.

తాజాది గుడ్డులోని తెల్లసొనలా పారదర్శకంగా, పలచగా ఉంటుంది. లోపల కొంతకాలం నిలవ ఉంటే నీరు ఇగిరి, మైదా జిగురులా చిక్కబడి తెల్లగా గానీ గోధుమ రంగులో గానీ వస్తుంది. రాలిపోయిన కణాలు, సూక్ష్మజీవులు కలవడంతో కొంచెం వాసనా ఉంటుంది. ఇంకా ఎక్కువ కాలం ఉండిపోతే గట్టిపడి ఉండ కడుతుంది. నడుము దిగువన బరువు, ముడ్డి దగ్గర ఏదో అడ్డుపడ్డ భావన, కూర్చుంటే నొప్పి ఉండి, కొన్ని వారాలుగా జిగురు అసలు రాకపోతే ఉండ కట్టిందేమో అనుమానించాలి. ఉండ చుట్టూ పలచటి జిగురు కొద్దికొద్దిగా కారుతుంటే ‘వస్తూనే ఉంది కదా’ అని మోసపోయే అవకాశమూ ఉంది.

ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో గులాబీ రంగు గానీ పాత నెత్తుటి గోధుమ రంగు గానీ కలిసి ఉండడం వింత కాదు. అత్యవసరంగా ఆపరేషన్ చేసినవాళ్లకు ముందు పేగు ఖాళీ చేసే వీలుండదు. అలా లోపల ఉండిపోయిన పాత మలం చిన్న గట్టి ఉండలుగా చాన్నాళ్ల తర్వాత కూడా రావచ్చు.

లూప్ స్టోమా ఉన్నవాళ్లకు కొత్త మలం కూడా కొంచెం కిందికి దిగవచ్చు, గ్యాసూ పోవచ్చు. పేగు పూర్తిగా తెగలేదు కాబట్టి సంచిలో పడాల్సింది పక్క నోట్లోకి జారుతుంది. అప్పుడప్పుడు కొంచెమైతే కంగారు అక్కర్లేదు. రోజూ చెప్పుకోదగ్గంత వస్తుంటే స్టోమా లోపలికి కుంగిందేమో చూడాలి. సంచి నిండి స్టోమాను కమ్మేదాకా ఆగకుండా, మూడో వంతు నుంచి సగం నిండగానే ఖాళీ చేయడం మంచిది.

వచ్చినట్టుంటుంది, రాదు

పురీషనాళం గోడలో సాగుదలను పట్టుకునే నరాల కొసలు ఉంటాయి. లోపల పేరుకున్నది మలమా జిగురా అని అవి తేల్చి చెప్పలేవు, నిండిందని మాత్రం కబురు పంపుతాయి. కాబట్టి స్టంప్ ఉన్నవాళ్లకు వచ్చే ‘వెళ్లాలి’ అన్న ఒత్తిడి భ్రమ కాదు. దాన్ని అణచిపెట్టడం కంటే మన్నించడమే మేలు. రాత్రి పేరుకున్నది ఉదయం లేచి తిరగడం మొదలుపెట్టాక దిగుతుంది కాబట్టి చాలామందికి ఆ వేళ అనువుగా ఉంటుంది. రోజూ ఒకే సమయానికి కమోడ్ మీద అయిదు నుంచి పది నిమిషాలు కూర్చోవాలి. పాదాల కింద చిన్న పీట పెట్టుకుని కొంచెం ముందుకు వంగాలి. పొట్టను వదులుగా ఉంచి ఊపిరి నెమ్మదిగా వదులుతూ మెల్లగా కిందికి తోయాలి.

మెల్లగా అన్నదే ఇందులో ముఖ్యం. ముక్కితే ఆ ఒత్తిడి స్టోమా చుట్టూ ఉన్న పొట్ట గోడ మీద పడుతుంది. అక్కడ హెర్నియా రావడానికీ, స్టోమా బయటికి జారడానికీ అది దోహదం చేస్తుంది. పది నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయాలి.

ఈ దశలో జరిగే ప్రమాదకరమైన పొరపాటు ఒకటుంది. ముడ్డి దగ్గర బిగదీసినట్టు ఉండేసరికి మలబద్ధకం అనుకుని విరేచనాల మందు మింగుతారు. నోటి ద్వారా తీసుకున్న మందు ప్రభావమంతా సంచిలోనే కనబడుతుంది, స్టంప్‌లోని జిగురును అది తాకను కూడా తాకదు. కొలోస్టమీ ఉన్నవాళ్లకు సంచి పలచటి మలంతో నిండి ఊరుకుంటుంది. ఇలియోస్టమీ ఉన్నవాళ్లకు మాత్రం నీరు, ఉప్పు అతివేగంగా పోయి, కళ్లు తిరగడం దగ్గర మొదలై మూత్రపిండాలు దెబ్బతినే దాకా వెళ్లవచ్చు. కింది సమస్యకు మందు కింది నుంచే పని చేయాలి.

ఆ మందుల్లో మొదట చెప్పేది గ్లిజరిన్ సపోజిటరీ, అంటే మలద్వారంలోకి పెట్టుకునే మందు బిళ్ల. ఇది నీటిని లాక్కుని గట్టిపడిన జిగురును మెత్తబరుస్తుంది, పురీషనాళాన్ని కొంచెం ముడుచుకునేలా చేస్తుంది. చేతులు కడుక్కుని, రేపరు తీసి, సపోజిటరీని నీళ్లలో ఒకసారి ముంచాలి. ఎడమ పక్కకు తిరిగి పడుకుని కుడి మోకాలు పొట్ట వైపు ముడుచుకోవాలి. మొనదేలిన వైపు ముందుగా, బిగువుగా ఉండే కండరపు వలయం దాటి, సుమారు రెండు మూడు సెంటీమీటర్ల లోతుకు తోయాలి. వలయం దాటకపోతే వెంటనే జారి బయటికొచ్చేస్తుంది. ఎక్కువమంది దగ్గర విఫలమయ్యేది అక్కడే. పదిహేను నుంచి ముప్పై నిమిషాలు ఆగి టాయిలెట్‌లో కూర్చోవాలి. ఒక్కోసారి మొదటి రోజు పలచటి జిగురే వచ్చి, గట్టి ఉండ మర్నాడు కదులుతుంది. రోజూ వాడాలా, వారానికోసారి చాలా అన్నది జిగురు పేరుకునే వేగాన్ని బట్టి స్టోమా నర్సుతో మాట్లాడి తేల్చుకోవాలి. వేలుతో తవ్వడం, గట్టి గొట్టాలు దూర్చడం అసలు పనికిరావు.

సపోజిటరీతో కదలకపోతే కొద్దిపాటి సెలైన్‌తో కడిగే పద్ధతి ఉంది, కానీ అది డాక్టరు చెప్పిన పరిమాణంలోనే. మామూలు పురీషనాళానికి వాడే ఎనిమా పరిమాణం పొట్టి స్టంప్‌కి ఎక్కువైపోవచ్చు. పైకొస కుట్టి మూసేసి ఉంటుంది కాబట్టి లోపలికి పోయిన ద్రవానికి పైకి దారి ఉండదు. దుకాణాల్లో దొరికే ఫాస్ఫేట్ ఎనిమాలను సొంతంగా వాడకూడదు. అవి లోపలే ఉండిపోతే ఫాస్ఫేట్ రక్తంలోకి చేరి, ముఖ్యంగా మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లను ప్రమాదంలో పడేస్తుంది.

పైన చెప్పినదంతా ఆపరేషన్ గాయం మానిన స్టంప్‌కి వర్తిస్తుంది. కింద కొత్త అతుకు వేసి, దానికి రక్షణగా లూప్ స్టోమా పెట్టినవాళ్లు సర్జన్ స్పష్టంగా సరే అనేదాకా సపోజిటరీ కూడా పెట్టుకోకూడదు. అతుకు మలద్వారానికి కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే ఉండవచ్చు, వేలు తగిలినా చెడుతుంది. హార్ట్‌మన్ ఆపరేషన్ అయినవాళ్లు కూడా మొదటి వారాల్లో సొంత ప్రయోగాలు మానాలి. మూసేసిన కొస దగ్గర కుట్లు విడిపోయి పొత్తికడుపు లోపల చీము చేరే ప్రమాదం అప్పుడే ఎక్కువ. జ్వరం, పొత్తికడుపు కింద పెరిగే నొప్పి, కుళ్లు వాసనతో చీము లాంటి స్రావం దానికి గుర్తులు.

నెత్తుటి చారలు ఎందుకు

పెద్దపేగు లోపలి కణాలకు ప్రధాన ఆహారం రక్తం నుంచి కాదు, పేగు లోపలి నుంచే వస్తుంది. మలంలోని పీచును సూక్ష్మజీవులు పులియబెట్టినప్పుడు పుట్టే బ్యుటిరేట్ లాంటి పొట్టి గొలుసు కొవ్వు ఆమ్లాలే వాటి ఇంధనం. మలం దారి మళ్లాక ఈ సరఫరా ఆగిపోతుంది. పస్తున్న పొర వాచి, పెళుసుబారి, తాకితే నెత్తురు చిమ్మే స్థితికి వస్తుంది. దీనికి డైవర్షన్ కొలైటిస్ అన్న పేరు 1981లో వచ్చింది. స్కోపుతో (పేగు లోపలికి పెట్టి చూసే కెమెరా గొట్టం) చూస్తే మలం దారి మళ్లించిన పేగుల్లో ఎక్కువ భాగం ఈ మార్పులు కనబడతాయి, బాధ పడేవాళ్లు మాత్రం అంతకంటే చాలా తక్కువ. జిగురు ఎక్కువవడం, నెత్తుటి చారలు, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో మెలిపెట్టడం దీని లక్షణాలు.

కొవ్వు ఆమ్లాలనే ఎనిమాగా ఇస్తే మంట తగ్గిందని 1989లో ఒక పరిశీలన వెలువడింది. తర్వాతి పరిశీలనల్లో ఫలితం అంత నిలకడగా రాలేదు. పైగా బ్యుటిరేట్‌కు ముక్కిపోయిన వెన్న వాసన, రోజుకు రెండుసార్లు వాడమంటే చాలామందికి ఓపిక చాలదు. డాక్టర్లు మెసాలమైన్ (పేగు వాపు తగ్గించే మందు) గానీ స్టెరాయిడ్ గానీ సపోజిటరీ, ఫోమ్, ఎనిమా రూపంలో ఇస్తుంటారు. స్టోమా మూసి పేగు కలిపేశాక ఇది దాదాపు తనంతట తానే సర్దుకుంటుంది. బాధ లేనివాళ్లకు వైద్యమే అక్కర్లేదు.

నెత్తురు చూడగానే ‘డైవర్షన్ కొలైటిసేలే’ అని ఎవరికి వారు తేల్చేసుకోవడం మాత్రం తప్పు. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ (పేగు వాచే మరో దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లలో మిగిలిన పురీషనాళంలో పాత జబ్బే మళ్లీ రగలవచ్చు. క్యాన్సరుకు అవకాశం కూడా ఆ భాగంలో మిగిలే ఉంటుంది. వంశపారంపర్యంగా పాలిప్స్ (పేగు లోపలి పొర మీద మొలిచే చిన్న కండలు) వచ్చే కుటుంబాల్లోనూ అంతే. ఇక్కడ చాలామంది జారవిడిచే సంగతి ఏమిటంటే, సంచిలోని మలంతో చేసే పరీక్ష స్టంప్ గురించి ఏమీ చెప్పదు. స్టోమా గుండా పెట్టిన స్కోపూ అక్కడికి చేరదు. స్టంప్‌ను చూడాలంటే మలద్వారం నుంచి విడిగా స్కోపు పెట్టాల్సిందే. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఈ మాట అడగడం మంచిది.

కారడం, ఒరుసుకుపోవడం

దగ్గినా, బరువెత్తినా, గ్యాస్ అనుకుని వదిలినా జిగురు జారిందంటే కండరపు బిగువు తగ్గిందని అర్థం. మలాన్ని ఆపే పని లేక ఆ కండరం సోమరి అవుతుంది. గ్యాస్ ఆపుకునేటప్పుడు బిగించే కండరాలనే పైకి లాగినట్టు బిగించి, అయిదు సెకన్లు ఉంచి, అంతసేపూ పూర్తిగా వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. తొడలు, పిరుదులు, పొట్ట బిగుసుకుంటున్నాయంటే తప్పు కండరాలు పని చేస్తున్నట్టే. ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. స్టోమా మూయించుకోబోయేవాళ్లకు ఇది అప్పుడు ఇంకా ఎక్కువ అక్కరకొస్తుంది. కొత్త అతుకు ఉన్నవాళ్లు ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్ని అడగాలి.

జిగురు చర్మం మీద నిలిస్తే ఒరుపు, మంట, దురద. గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి. సబ్బు, సువాసన ఉన్న తడి టిష్యూలు పుండు మీద కారం చల్లినట్టే. జింక్ ఆక్సైడ్ లాంటి క్రీము పలచటి పొరగా చాలు. మందంగా పూస్తే ప్యాడ్ తడిని పీల్చుకోలేదు.

పురీషనాళమే లేనప్పుడు

మైల్స్ తరహా ఆపరేషన్ అయినవాళ్లకు నిండడానికి ఏమీ లేదు, అయినా మలం వచ్చినట్టు, గ్యాస్ పోవాలన్నట్టు, లేని చోట దురద పెట్టినట్టు అనిపిస్తుంది. తీసేసిన కాలిలో నొప్పి పుట్టినట్టే ఇదీ. పురీషనాళానికి వెళ్లే నరాలు త్రికాస్థి (వెన్ను దిగువన ఉండే ఎముక) దగ్గరి నుంచి వస్తాయి. వాటి చివరి భాగం తెగిపోయినా పై భాగం అలాగే ఉంటుంది. మెదడులో ఆ అవయవానికి కేటాయించిన చోటూ ఖాళీ కాదు. పిచ్చీ కాదు, క్యాన్సరు తిరగబెట్టిందనడానికి రుజువూ కాదు. ఎక్కువమందిలో నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది, కొందరిలో ఏళ్ల తరబడి అప్పుడప్పుడు వస్తుంది.

విచిత్రంగా అనిపించినా, టాయిలెట్‌లో మామూలుగా కూర్చుని ముందుకు వంగి రెండు మూడు నిమిషాలు ఆగితే చాలామందికి ఆ ఒత్తిడి దిగిపోతుంది. ముక్కడం ఇక్కడా వద్దు. గాయం లేతగా ఉన్నన్నాళ్లూ మెత్తటి చదునైన దిండు మీద కూర్చోవాలి. మధ్యలో రంధ్రం ఉండే రింగు దిండు సుఖంగా అనిపిస్తుంది కానీ పిరుదులను రెండు పక్కలకూ లాగి కుట్ల మీద ఒత్తిడి పెంచుతుంది. అనుభూతి నొప్పిగా, మంటగా, కరెంటు కొట్టినట్టుగా మారితే మామూలు నొప్పి బిళ్లలు పెద్దగా పని చేయవు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ లాంటి నరాల నొప్పి మందులు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారు. గుణం తెలియడానికి వారాలు పడుతుంది కాబట్టి నాలుగు రోజులకే మానేసి ‘పని చేయలేదు’ అనడం తొందరపాటు.

ఎప్పుడు మొదలైందన్నది గమనించాలి. ఆపరేషన్ అయిన వెంటనే మొదలై తగ్గుతూ వస్తున్నది ఒక రకం. క్యాన్సరు ఆపరేషన్ తర్వాత నెలలో ఏళ్లో బాగుండి, ఆపైన కొత్తగా మొదలై రోజురోజుకూ పెరిగే నొప్పి వేరు. దానికి స్కాన్ చేయించాలి. గడ్డలుగా లేదా ఆగకుండా నెత్తురు, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, పసుపు పచ్చగా కుళ్లు వాసనతో వచ్చే స్రావం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. యోని నుంచి జిగురో మలమో రావడం, మూత్రంలో గాలి బుడగలు పోవడం కూడా ఆలస్యం చేయకుండా చూపించాల్సినవే. ఈ రెండూ పేగుకూ పక్క అవయవానికీ మధ్య దారి పడిందని చెప్పే లక్షణాలు.

స్టోమా ఇక శాశ్వతమని తేలి, అన్నీ చేసినా స్టంప్ బాధ వదలకపోతే దాన్నీ తీయించుకునే ఆపరేషన్ ఉంది. జిగురు పీడ పోతుంది. కానీ కింది గాయం మానడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది, మూత్రాశయానికీ లైంగిక చర్యకూ వెళ్లే నరాలు ఆ పక్క నుంచే పోతాయి, పైన చెప్పిన లేని పురీషనాళపు అనుభూతి కొత్తగా మొదలయ్యే అవకాశమూ ఉంది. అందుకే సర్జన్లు సాధారణంగా సపోజిటరీ, కింది నుంచి ఇచ్చే మందులు, కండరాల కసరత్తు కొన్ని నెలలు సరిగ్గా ప్రయత్నించాకే దీని మాట ఎత్తుతారు. పదేపదే నెత్తురు పోవడమో, బయాప్సీలో అనుమానాస్పద కణాలు కనబడడమో ఉంటే మాత్రం లెక్క మారుతుంది.